పురుగులింటి గడప

సుశీలత్త ఆకు తరుగుతోంది. మల్బరీ ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టగా చుట్టి, కత్తిపీటకు ఆనించి లాగితే సన్నటి పచ్చ పేలికలు చాటలో రాలుతున్నాయి. నేను పక్కన కూర్చుని కాడలు తుంచి అందిస్తున్నాను. ముందురోజే నాయన తెచ్చిన పట్టుపురుగులు ఇంకా పసివి. ముదురాకు కొరకలేవు.

"ఆకు సన్నంగా ఉంటే పురుగు నవ్వుకుంటా తింటాది," అంది అత్త.

"పురుగు నవ్వుతాదా అత్తా?"

"నువ్వు నవ్వుతాండావు గదా, చాలు. లే, పో."

నేను ముందు నడిచాను. ఇంటికి ఎదురుగా, వాకిలి దాటితే పెంకుల షెడ్డు. మేం దాన్ని పురుగులిల్లు అంటాం. బయట చెప్పులు విడిచి, బ్లీచింగు కలిపిన నీళ్లలో కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి పోయాను. అత్త చాట ఎత్తుకుని వచ్చి గడప ఇవతల ఆగింది. ఆమె బయటి నుంచి చేతులు చాపింది, నేను లోపలి నుంచి చాపాను. చాట చేతులు మారింది.

ఏళ్ల తరబడి ఆ ఇంట్లోకి ఆకు అట్లాగే పోతోంది.

సుశీలత్త మా నాయనకు అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే మామ పోతే మా ఇంటికి వచ్చేసింది. నన్ను చంకనేసుకుని తిప్పింది ఆమే, పురుగులింట్లో కాపురం ఉన్నట్టు ఉన్నదీ ఆమే. నేను బళ్లో చేరిన ఏడు ముసురు పట్టింది. పంట మొత్తం సున్నపు రోగానికి పోయింది. పురుగులు సుద్దముక్కల్లా తెల్లగా, గట్టిగా బిగుసుకుపోయాయి. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు పురుగులింట్లో అడుగు పెట్టకూడదని మా పక్క పట్టింపు. ఎవరు పోయినారని ఊరు ఊరంతా ఆరా తీస్తుంటే అత్తే నోరు విప్పింది. "నేనే పోయినా. మేత ఏసేవాళ్లు ల్యాకపోతే పోయినా." నాయన ఒక్క మాట అన్నాడు. "ఇంగ నువ్వు లోపలికి రావద్దుక్కా."

మళ్లీ ఆ మాట ఆయన అనలేదు. అనాల్సిన అవసరం ఆమె రానివ్వలేదు. తర్వాతెప్పుడో నాయన మదనపల్లెలో ట్రైనింగుకు పోయి, సున్నపు రోగం తేమకు పుట్టే బూజని తెలుసుకుని వచ్చాడు. నేను కుప్పం కాలేజీలో అదే సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అత్తకు నెలనెలా ఉండే ఇబ్బంది కూడా నిలిచిపోయింది. అయినా చాట గడప దగ్గరే చేతులు మారుతోంది. తెలియక కాదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం మా నాయనకు చేతకాదు, అంతే.

ఆ రోజు చాట లోపల పెట్టి బయటికి వచ్చేసరికి ఫోన్ మోగింది. మా కాలేజీ క్యాథరిన్ మేడం. పట్టు పురుగుల పెంపకం చదివే మా క్లాసు నుంచి కొందరిని థాయ్‌లాండ్‌లో ఒక పల్లెకు ఫీల్డ్ స్టడీకి తీసుకుపోతున్నారట. ఖర్చంతా అక్కడి యూనివర్సిటీదే. అందులో నా పేరు ఉంది.

అన్నాల దగ్గర చెప్పాను.

"ఇమానంలోనా?" అంది మా అమ్మ ఈశ్వరమ్మ. సంగటి ముద్ద చేస్తున్న చేయి ఆగిపోయింది.

"ఇంట్లో పురుగులు పెట్టుకోని, పురుగుల్ని సూసేదానికి అంత దూరం పోవాల్నా?" అన్నాడు నాయన. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"పోనీరా మునికృష్ణా. దాని పని నేను జేస్తాలే," అంది అత్త.

అమ్మ నాయన వైపు చూసింది. నా పనంతా పురుగులింటి లోపలే. అత్త తన మాట తనకే వినిపించినట్టు తల దించుకుని, "అంటే, ఆకు పని. వాకిట్లో పని," అని సర్దుకుంది.

నాయన చేయి కడుక్కోవడానికి లేస్తూ, "పోయి రా పాపా," అన్నాడు.

పుంగనూరులో పెట్టె కొన్నాం. పోయేముందు మదనపల్లెలో ఫ్లారెన్స్ వాళ్ల ఇంట్లో ఒక పూట ఆగాను. ఫ్లారెన్స్ నా క్లాసే. వాళ్లది మిషన్ ఆసుపత్రి వెనక వీధి. ఇంట్లో అందరూ నర్సులూ టీచర్లూ. పట్టుపురుగును పుస్తకంలో తప్ప చూడకుండా పట్టు చదువులో చేరిన పిల్ల ఆమె ఒక్కతే. నేను రోజంతా మాట్లాడేది ఆమె ఒక్క గుక్కలో మాట్లాడుతుంది. వాళ్ల నాన్న ప్రేమానందం గారు మా ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేసి, ఆమెన్ అన్న వెంటనే, "ఆడ ఏం పెట్టినా వద్దనకండమ్మా. వద్దంటే ఆ ఇంటామె మనసు నొస్తాది," అన్నారు.

ఆ మాట నేను సరిగ్గా వినలేదు.

* * *

ఆ పల్లె ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఉంది. పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు. చెక్క స్తంభాల మీద ఇళ్లు, ఇంటి కింద మగ్గం. నన్నూ ఫ్లారెన్సునూ ఒక పెద్దావిడ ఇంట్లో ఉంచారు. ఆమె పేరు బువా. అందరూ యాయ్ అని పిలిచేవాళ్లు. అంటే అవ్వ. చిన్న మనిషి. నడుము కొంచెం వంగింది కానీ చేతులు మాత్రం ఊరికే ఉండేవి కావు. ఆమె మాటలు మాకు ఇంగ్లీషులో చెప్పడానికి నొక్ అనే అమ్మాయి ఉండేది, అక్కడి యూనివర్సిటీలో చదివేది.

మొదటి సాయంత్రం మమ్మల్నందరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టి మేడం రెండు సంగతులు చెప్పింది. "ఈ వారం ఎవరూ ప్రశ్నలు అడగొద్దు. చూడండి. చేతులు పనిలో పెట్టండి." ఇంకోటి, "రోజూ సాయంత్రం ఈడే కలుస్తాం. ఏం నేర్చుకున్నారని అడగను. ఆరోజు ఏం తప్పు చేశారో చెప్పాలి."

పిల్లలు నవ్వారు. రెండో రోజుకే తప్పులకు కొదవ లేకపోయింది. ఒకడు మగ్గం మీదుగా కాలు దాటేశాడు. ఒకమ్మాయి ఘాటుగా పౌడరు పూసుకుని పురుగుల గదిలోకి పోబోయి తిట్లు తిన్నది. ఫ్లారెన్స్ తప్పులైతే ఒక కచేరీ. ఆమె చెబుతుంటే తప్పు చేయనివాళ్లకు కుళ్లు పుట్టేది. నా వంతు వస్తే, "నేనేం చేయలేదు మేడం," అనేదాన్ని.

"ఏమీ చేయలేదంటే నువ్వు ఇంకా ఈ ఊరికి రాలేదమ్మా యమునా," అంది మేడం ఒకరోజు. కోపంగా కాదు.

యాయ్ పురుగుల గది ఇంటి వెనక ఉండేది, చుట్టూ దోమతెర. లోపల తిరగడానికి వేరే చెప్పులు. పొద్దున్నే ఆమె ఆ చెప్పులు గడప ముందు వరసగా పెట్టేది, ముందు భాగం లోపలికి ఉండేట్టు. నీ కోసం ఇల్లు ఎదురు చూస్తోంది అన్నట్టు ఉండేది ఆ వరస. లోపల గుండ్రటి వెదురు తట్టలు, వాటి మీద పల్చటి గుడ్డలు. గుడ్డ ఎత్తితే, ఎండు కందిపొట్టు మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు మేత చప్పుడు. కళ్లు మూసుకుంటే మా ఇల్లే.

కానీ మా ఇంట్లో పట్టుగూళ్లు మదనపల్లె మార్కెట్టుకు పోతే మా పని అయిపోతుంది. ఆ తర్వాత వాటికేమవుతుందో నేను పుట్టినప్పటి నుంచీ చూసింది లేదు. యాయ్ ఇంట్లో అన్నీ ఒక్కచోటే. పసుపు పచ్చని గూళ్లు కుండలో మరుగుతుంటే ఆమె కర్రతో పోగు పట్టి లాగేది. దారం బుట్టలోకి. దారం అయిపోగానే లోపలి పురుగు పళ్లెంలోకి. సాయంత్రానికి ఆ పళ్లెం ఉప్పేసి వేయించి మా ముందుకు వచ్చింది.

ఫ్లారెన్స్ ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసింది. "ఏమ్మే, వేయించిన శెనక్కాయల మాదిరి ఉండాయి. తిను."

నావి చిన్నప్పటి నుంచీ ఆకు పెట్టి సాకిన చేతులు. నేను పళ్లెం వెనక్కి జరిపాను. యాయ్ చూసింది. నవ్వు మాత్రం చెరగలేదు.

అది జరిగిన మర్నాడే నాకు నెలసరి వచ్చింది.

పొద్దున యాయ్ చెప్పులు పెట్టింది. ఫ్లారెన్స్ తొడుక్కుని లోపలికి పోయింది. నేను చూరు కింద నిలబడ్డాను. సున్నపు రోగం ఎందుకొస్తుందో నాకు తెలుసు. పరీక్షలో రాసిన జవాబు వేరు, కాళ్లు వేరు. కాళ్లకు గడప దగ్గర నిలబడిన సుశీలత్త తెలుసు.

"ఏమ్మే, ఇమానమెక్కి వచ్చినా నీ గడప నీతోనే వచ్చిందే," అంది ఫ్లారెన్స్ బయటికి వచ్చి.

"నీకేం, మీ ఇంట్లో పురుగులుండాయా?"

"లేవు. అందుకే భయం గూడా ల్యా."

మధ్యాహ్నం యాయ్ ప్రత్యేకంగా అన్నం వండి, గుడ్డు పొరటి నా ముందు పెట్టింది. సాయంత్రం అరటిపండ్లు తెచ్చింది. మర్నాడు కూడా నేను లోపలికి పోకపోయేసరికి, ఏదో ఆకు కషాయం కాచి ఇచ్చింది. ఆమె ముఖం వాడిపోయింది. నొక్ నా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పింది. "యాయ్ అడగమంది. ఆ పురుగులు పెట్టినందుకు నీకు కోపం వచ్చిందా? తెలియక పెట్టానంటోంది. తన ఇల్లు నచ్చకపోతే ఇంకో ఇల్లు చూస్తానంటోంది."

 ఇంత దూరం వచ్చి, అన్నం పెట్టిన పెద్ద మనిషిని ఆమె వాకిట్లోనే బాధ పెట్టాను. కోపం కాదని తల ఊపాను. ఎందుకో చెప్పడానికి సిగ్గు. ఫ్లారెన్సే నొక్ చెవిలో చెప్పింది. నొక్ యాయ్ చెవిలో చెప్పింది.

యాయ్ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. మా నమ్మకం తప్పని కూడా అనలేదు. గడప దగ్గరికి పోయి, వంగి, నా కోసం పెట్టిన చెప్పులు రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి నా పాదాల ముందు పెట్టింది. ముందు భాగం గదివైపు తిప్పింది.

నొక్ కూడా నోరు తెరిచి చూసింది. మా అవ్వ వయసున్న మనిషి నా చెప్పులు చేత్తో ముట్టుకుంది. ఇంక నేను బయట ఎట్లా నిలబడేది? నమ్మకం మారి కాదు, సిగ్గుతో లోపలికి పోయాను. ఆమె ఒక తట్ట గుడ్డ తీసి నా వైపు జరిపింది. ఆ తట్ట నీది అన్నట్టు.

ఆ సాయంత్రం అరుగు మీద నా వంతు వచ్చింది. "ఒకామె చూరు కింద నిలబడ్డాను మేడం. ఎందుకో చెప్పలేదు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. "సరే, వచ్చినావు," అంది మేడం.

ఆ తర్వాత రోజూ పొద్దున ముఖం కూడా కడగకుండా ఆ తట్ట దగ్గరికి పోయేదాన్ని. తెల్లబడ్డ పురుగు ఉందేమోనని గుడ్డ ఒక్కో అంచే ఎత్తేదాన్ని. పురుగులు తిన్నాయి, పెరిగాయి, పండాయి. మేం బయల్దేరే రోజుకు ఆ తట్ట నిండా పసుపు గూళ్లు. యాయ్ ఒకటి తీసి నా చేతిలో పెట్టి పిడికిలి మూసింది. పోయే ముందు నేను వేయించిన పురుగు ఒకటి అడిగి తిన్నాను. ఫ్లారెన్స్ చెప్పింది నిజమే. వేయించిన శెనక్కాయల మాదిరే ఉంది.

* * *

ఇంటికొచ్చేసరికి తొలకరి పడింది. మల్బరీ తోట కొత్త చిగురేసింది. నాయన కొత్త పురుగులు దించాడు. మళ్లీ చాట, మళ్లీ గడప.

ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే మా ఇంట్లో అంత నవ్వు ముందూ లేదు, తర్వాతా లేదు అనిపిస్తుంది. నేను చెప్పిన సంగతుల్లో అత్తకు బాగా నచ్చింది సాయంత్రం తప్పులు చెప్పుకోవడం. సంగటి తినేటప్పుడు మొదలుపెట్టేది.

"సెప్పండి. ఇయ్యాల ఎవురు ఏం తప్పు జేసినారు? ఈశ్వరీ, ముందు నువ్వు."

"పక్కింటామె కోక బాగల్యాకపోయినా బాగుండాదంటి," అనేది అమ్మ.

"అది తప్పుగాదు, పుణ్యం. ఇంకోటి సెప్పు."

"ఊరిబిండిలో ఉప్పు మరిసిపోతి."

"అది తప్పే. నోట్లో పెట్టుకుంటానే తెలిసె." అత్త తన తప్పు కూడా చెప్పేది. కోడిని అనవసరంగా తిట్టానని, మేకపిల్ల తాడు గట్టిగా కట్టానని. ఆ చిన్నవే. తర్వాత నాయన వైపు తిరిగేది. "నువ్వురా?"

"నేనా? మీ ఆడోళ్ల మధ్యన తినేదానికి కూసున్నా గదా, అదే తప్పు," అని నాయన నవ్వి లేచిపోయేవాడు. రోజూ అదే జవాబు.

ఒకరోజు యాయ్ ఇంట్లో చూరు కింద నిలబడిన సంగతి చెప్పాను. అంతదాకా చెప్పలేదు. చెబుతున్నంతసేపూ అత్త వైపు చూడలేదు. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి నాయన ముద్ద తుంచడం ఆపాడు.

"ముసిలామె చెప్పులు చేత్తో ఎత్తిందా?"

"రెండు చేతుల్తో."

"నీ చెప్పులు?"

"నా చెప్పులే నాయనా."

 అత్త ఆ రోజు ఆట ఆడించలేదు. పళ్లాలు తీసుకుని తొట్టి దగ్గరికి పోయింది.

నాలుగో జ్వరం లేచాయి పురుగులు. పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని మేం జ్వరం అంటాం. ఆఖరి జ్వరం లేచిన పురుగుకు ఎంత ఆకు వేసినా చాలదు. సరిగ్గా అప్పుడే నాకు నెలసరి వచ్చింది. మామూలుగా అయితే అమ్మ చెవిలో చెప్పి అరుగు మీద కూర్చునేదాన్ని. ఆ రోజు ఆకు మోపుతో పురుగులింటి వాకిట్లో నిలబడిన నాయన దగ్గరికి పోయాను. గడప దగ్గర అత్త ఉంది.

"నాయనా, నేను బయట ఉండాను."

ఆయన సరేనని తల ఊపాడు, పోయి కూర్చో అన్నట్టు.

"అయినా మేతకు లోపలికి వస్తా."

నాయన నన్ను చూశాడు. ఆ తర్వాత అత్తను చూశాడు. ఆమె చూపు నేల మీద ఉంది.

"మీ యమ్మకు సెప్పినావా?"

"నీకు సెప్తాండాను. నువ్వు వద్దంటే రాను."

మోపు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. వాకిలికి అడ్డంగా ఉన్నవాడు పక్కకు జరిగాడు. "కాళ్లు బాగా కడుక్కో," అన్నాడు.

అత్త సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ఆ పూట చాట నా చేతికివ్వలేదు. నేను చాపిన చేతులు అట్లాగే ఉండగా, "ఈశ్వరీ, ఇట్ల రా," అని అమ్మను పిలిచి ఇచ్చింది. మధ్యాహ్నం కత్తిపీట దగ్గర కూర్చుంటే నా ముఖం చూడకుండా తిట్టింది.

"నీకు యాల మే ఈ పని? రేపు ఒగ పురుగు తెల్లబడితే సాలు, ఊరంతా నీ పేరే సెప్తారు. నా మాదిరి నువ్వూ చాట పట్టుకోని గడప కాడ నిలబడాల్నా?"

"అప్పుడు ఇద్దరం నిలబడదాంలే అత్తా."

"ఇమానమెక్కి మాటలు నేర్సినావు," అంది. కత్తిపీట మీద వంకాయ సగంలో ఆగిపోయి ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

తర్వాత వాన పట్టింది. పెద్ద వాన కాదు, గోడలకు చెమ్మ ఎక్కే జల్లు. మా ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నాయన పొద్దునా సాయంత్రం పురుగులు మేసే ప్రతి పడక దగ్గరా వంగి, పురుగుల్ని వేళ్లతో మెల్లగా నొక్కి చూసేవాడు. అత్త చాట ఇచ్చేటప్పుడు అమ్మ ముఖం, నా ముఖం మార్చి మార్చి చూసేది.

ఒక పొద్దున నాయన నన్ను కంటితో పిలిచాడు. అరచేయి చాపాడు. ఒక పురుగు. బిగుసుకుని, తెల్లగా.

 ఇప్పుడు ఏదో ఒక మాట అంటాడనుకున్నాను. అనలేదు. ఆ పురుగును కాగితంలో చుట్టి జేబులో వేసుకుని, బయట దూరంగా పోయి కాల్చేశాడు. వచ్చి కిటికీలన్నీ తెరిచి, పడకల మీద సున్నం మందంగా చల్లాడు. సున్నం వాసన గడప దాటి పోయింది. అత్త చాట కింద పెట్టేసింది.

"తెల్లబడినాయా మునికృష్ణా?"

"ల్యాదుక్కా. చెమ్మ గదా, ఊరికే సల్లినా," అన్నాడు నాయన, ఆమెకు వీపు పెట్టి.

అత్త నమ్మిందో లేదో తెలియదు. ఆ సాయంత్రం నాయన సరిగ్గా తినలేదు. తప్పులు చెప్పుకునే ఆట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఇంకో పురుగు తెల్లబడలేదు. ఆ మర్నాడు ఎండ కాసింది.

పురుగులు పండిన రోజు నాకు బాగా గుర్తు. పండిన పురుగు మేత మాని, తేనె రంగుకు తిరిగి, తల పైకెత్తి ఆడిస్తుంది. ఎండకు పట్టి చూస్తే లోపలి వెలుగు కనిపిస్తుంది. అప్పటికప్పుడు ఏరి చంద్రికల మీద వేయాలి, అంటే వెదురు బద్ద చుట్లు చుట్లుగా బిగించిన పెద్ద చాపల మీద. ఆలస్యమైతే ఆకు చెత్తలోనే దారం పోసి పాడైపోతుంది. పడక పడకంతా ఒక్కసారి పండింది. ఊళ్లో కూలీలు ఒక్కరూ దొరకలేదు. మదనపల్లెలో టమాటా ధర లేచిందని అందరూ తోటలకు పోయారు. నాయన చౌడేపల్లె దాకా బండేసుకుని పోయి ఒంటరిగా వచ్చాడు.

మేం ముగ్గురం ఏరుతున్నాం. అత్త ముందురోజే చంద్రికలు కడిగి ఎండకు ఆరబెట్టింది. ఒక్కొక్కటే మోసుకొచ్చి గడపకు ఆనిస్తే నాయన లోపలికి లాక్కునేవాడు. ఏరుతున్న కొద్దీ ఇంకా పండుతున్నాయి. అమ్మ నడుము పట్టుకుని కూర్చుండిపోయింది. నా వేళ్లు జిగటగా, మొద్దుబారిపోయాయి. పై అరల్లో పురుగులు అప్పుడే దారం వదులుతున్నాయి.

"నీళ్లు తీసుకురా పాపా," అన్నాడు నాయన.

నేను చెప్పులు తొడుక్కోకుండానే ఇంట్లోకి పోయాను. అత్త మా కోసం సంగటి కెలుకుతోంది. బిందెలో చెంబు ముంచుతూ కిటికీలోంచి బయటికి చూశాను. నాయన వాకిలి దాటి ఇంటి మెట్టు దగ్గరికి వచ్చాడు. నీళ్లకు తొందరపడి వచ్చాడనుకున్నాను. ఆయన లోపలికి రాలేదు. మెట్టు మీద అత్త విడిచిన చెప్పులు ఉన్నాయి, మడమల దగ్గర అరిగిన నీలం చెప్పులు. నాయన వంగాడు. పండిన పురుగును ఎత్తినంత మెల్లగా వాటిని రెండు చేతులతో ఎత్తాడు. వాకిట్లో నడిచి పోయి పురుగులింటి ముందు, మా మూడు జతల పక్కన పెట్టాడు. ఒకదాన్ని కొంచెం జరిపి సరిచేశాడు. ముందు భాగాలు లోపలికి. చూసేవాళ్లకు ఆమె అప్పటికే లోపలికి పోయినట్టు ఉంది. తర్వాత ఆయన వెనక్కి చూడకుండా లోపలికి పోయాడు.

అత్త తెడ్డు పక్కన పెట్టి, చంద్రిక తేవడానికని బయటికి వచ్చింది. మెట్టు మీద కాలితో చెప్పుల కోసం తడిమింది. లేవు. అటూ ఇటూ చూసింది. తలెత్తి వాకిలి అవతలికి చూసింది.

నేను చెంబుతో తలుపు దగ్గర ఆగిపోయాను. ఏదో చెప్పబోయి, 'చూడండి' అన్న మేడం మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

అత్త లోపలికి వచ్చి పొయ్యి ఆర్పింది. సంగటి గిన్నె మీద మూత పెట్టింది. కొంగు నడుముకు గట్టిగా దోపింది. నా పక్క నుంచే పోయింది, నన్ను చూడలేదు. మెట్టు దిగి, కాలిపోతున్న వాకిట్లోకి వట్టి కాళ్లతో, పురుగులింటి వైపు నడిచింది.